నికా ఫోటోకి నీలం

కరంగ్‌బాజి దీవి,
ఏప్రిల్ రెండో వారం

హాలియా ఆంటీకి,

సలాం. కవరులో ఉన్న ఫోటో చూసి కంగారు పడకండి. అది వంకాయల బుట్ట కాదు, నా ఆరో తరగతి.

మీ ఇంట్లో అద్దెకున్నన్నాళ్లూ మీ ముందుగదిలో ప్రింటర్ కరకరమంటుంటే విసుక్కుంటూ చదువుకున్నాను. ఇప్పుడు టీచరు జీతం చేతికి రాగానే అచ్చం అలాంటిదే, నాలుగు రంగుల సిరా ట్యాంకులది, కొనుక్కుని ఈ దీవికి తెచ్చుకున్నాను. ఎందుకని అడగకండి. సాయంత్రాలు ఇక్కడ ఏమీ తోచదు. సముద్రాన్ని ఎంతసేపని చూస్తాం? మకస్సార్ రేవులో ఎక్కించినప్పుడు మెషిన్ నిటారుగానే ఉంది. దారిలో ఎవరో దానికి మేకని కట్టేశారు. మేక ఎటు లాగితే అటు ఒరుగుతూ వచ్చింది. మొదటి ఫోటోకే పిల్లలందరూ ఊదారంగులో బయటికొచ్చారు. "టీచర్, మాకేమైనా రోగమా?" అని ఒకతె ఏడుపందుకుంది.

ఫోన్‌లో అడగచ్చుగా అంటారు. ఇక్కడ ఫోన్ పలకాలంటే జెట్టీ చివరికంటా నడిచి చెయ్యి పైకెత్తాలి. ఒక మాట వెళ్తే వెళ్తుంది, ఫోటో వెళ్లదు. అయినా "రంగు సంగతి కాగితం చూస్తేనే తెలుస్తుంది, ఫోన్ అబద్ధాలాడుతుంది" అని మీరే కదా అనేవారు. అందుకే కాగితం పంపుతున్నాను, సరుకుల పడవ కెప్టెన్ చేతికిచ్చి.

అసలు సంగతి ఇంకోటుంది. జూన్‌లో మతకోర్టు వాళ్లు పడవేసుకుని ఇక్కడికే వస్తున్నారు. ఇమాము ముందు పెళ్లయిపోయి, ప్రభుత్వం ఇచ్చే నికా పుస్తకం లేకుండా బతుకుతున్న జంటలు ఈ దీవుల్లో ఎంతోమంది. సాక్షుల్ని విచారించి అక్కడికక్కడే పుస్తకాలిస్తారట. అందులో అతికించడానికి ఫోటోలు కావాలి. "ప్రింటర్ ఉన్నది మీ దగ్గరేగా, టీచరమ్మా" అని ఊరిపెద్ద ఆ పని నా మెడకి చుట్టాడు.

అందరికంటే ఆత్రం దాయెంగ్ గస్సింగ్‌ది. మీ అంకుల్‌ని పిలిచినట్టే ఇక్కడా పెద్దవాళ్లని, ఆడైనా మగైనా, గౌరవంగా దాయెంగ్ అనే పిలుస్తారు. ఆక్టోపస్‌లు పడతాడు. కూతురు మిర్నా నా క్లాసులో చురుకైన పిల్ల. జూలైలో ఈ దీవులకి దగ్గరి రేవుపట్నం హైస్కూల్లో చేరాలి. తల్లిదండ్రులకి నికా పుస్తకం లేదు కాబట్టి పిల్ల జనన పత్రంలో తల్లి పేరొక్కటే ఉంది.

"బడి కాగితంలో నాన్న అని ఉన్నచోట గీత పెడతారట కదా?" అని అడిగాడు.

"కాగితమేగా, దాయెంగ్" అన్నాను.

"కాగితమే. కానీ అందులో నేను లేను. ఇది మొదటి అడుగేసింది నా పడవలో. జ్వరమొస్తే అలల్లో తెడ్డేసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను. ఈ గీతెవడు, టీచరమ్మా?"

వాళ్లావిడ దాయెంగ్ కెబో పక్కనుంచి, "ముందా గడ్డం తీయించుకో. ఫోటో చూసి జడ్జి జడుసుకుంటే పుస్తకం కాదు, జైలే" అంది.

నవ్వాం గానీ, ఆయన మాత్రం నవ్వలేదు. ఈ వంకాయ రంగు వదిలేదెలాగో చెప్పండి, ఆంటీ. నాకిది తమాషా కాదిప్పుడు.

మీ విల్దా

* * *

మకస్సార్,
ఏప్రిల్ నెలాఖరు

విల్దా తల్లీ,

నీ వంకాయలు అందాయి. మీ అంకుల్ దాయెంగ్ సిలా చూసి "కూరకి సరిపోతాయే" అన్నాడు. ఆయన మాటలకేం గానీ, విను.

మెషిన్ ఒరిగింది కదా, పసుపు రంగు గొట్టంలోకి గాలి దూరింది. పసుపు రాకపోతే మనుషులు ఊదాగా కాక ఇంకెలా వస్తారు? పరీక్ష కాగితం తియ్యి. అందులో నాలుగు రంగుల గీతలుంటాయి. తెగిన గీత ఏ రంగుదో ఆ రంగు గొంతు పట్టేసినట్టు. ఒకసారి శుభ్రం చేసే బటన్ నొక్కు. నొక్కి ఊరుకో. ఒక పూట దాని మానాన దాన్ని వదిలెయ్. నీకు ఊరుకోవడం చేతకాదని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

ఇంకోటి. ఫోటో కాగితం వెనకవైపు పెట్టి తీశావు. వేలితో తుడిస్తే పిల్లల ముక్కులన్నీ నా వేలికే అంటుకున్నాయి. మెరిసేవైపే ప్రింట్ పడాలి. తెలియకపోతే తడిపెదవికి ఆనించి చూడు, అంటుకునే వైపే సరైనది. ఉప్పుగాలి తగలకుండా బట్ట కప్పు. వారానికొక రంగుల ఫోటో అయినా తియ్యి. నేను బోనే ఊళ్లో మా చెల్లి ప్రసవానికని వెళ్లి వచ్చేసరికి నా మెషిన్ గొంతు ఎండిపోయి కూర్చుంది. దాన్ని బతిమాలడానికి పట్టినన్ని రోజులు మా చెల్లి పిల్లాణ్ణి ఆడించడానికి కూడా పట్టలేదు.

నీ గస్సింగ్‌కి చెప్పు, గడ్డం ఉన్నా ఫరవాలేదు, టోపీ మాత్రం ఉండాలని.

అన్నట్టు, ఆ కోర్టు పడవ సంగతి. ఊరికే అడుగుతున్నాను. మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ దీవుల చిరునామా అయి ఉండాలా, ఒకరిదైతే చాలా? పెళ్లయి చాలా ఏళ్లయినవాళ్లు కూడా అడగచ్చా? నాకు తెలిసినావిడ ఒకామె తెలుసుకోమంది.

ఆంటీ

* * *

కరంగ్‌బాజి దీవి,
మే మొదటి వారం

హాలియా ఆంటీకి,

మీ చేయి చల్లగుండ! పసుపొచ్చింది. పిల్లలు మనుషుల రంగులోకి వచ్చారు. పెదవికి ఆనించి చూడమన్నారని క్లాసులో చెప్పడం నా తప్పు, ఇప్పుడు నా ఫోటో కాగితాలన్నింటి మీదా మూతుల గుర్తులే.

జంటల ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. గుర్తింపు కార్డులు తెమ్మన్నాను, వెనక రంగు పెట్టాలి కదా. బేసి సంవత్సరంలో పుట్టినవాళ్లకి ఎరుపు, సరి సంవత్సరంలో పుట్టినవాళ్లకి నీలం. అక్కడ మొదలైంది గొడవ. కార్డు ప్రకారం దాయెంగ్ గస్సింగ్ పెళ్లాం కంటే చిన్నవాడు!

"ఇదెప్పుడు జరిగిందే?" అని ఆయన.

"కార్డులు రాసేవాడు వచ్చినప్పుడు నువ్వు సముద్రంలో ఉన్నావు. నువ్వు పుట్టిన ఏడు నాకేం గుర్తు? నోటికొచ్చింది చెప్పాను" అని ఆవిడ.

"మరి నీ ఏడు?"

"అదీ నోటికొచ్చిందే. కానీ ఇప్పుడు పెద్దదాన్ని నేను. నా మాట విను."

చివరికి ఆవిడ ఎర్రతెర ముందు, ఆయన నీలంతెర ముందు. ఆయన బొగ్గు ఇస్త్రీపెట్టె ఎరువు తెచ్చి చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు, జేబు దగ్గర కాస్త కాల్చాడు. ఆ కాలినచోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఫోటోలో గుండెనొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. ప్రింట్ చూసి, "ఇది ప్రభుత్వం పుస్తకంలో అతికిస్తారా?" అని రెండుసార్లు అడిగాడు.

అందరివీ కవర్లలో పెట్టి మండలాఫీసుకి పడవలో పంపేశాను. నా ప్రింటర్ని నేనే మెచ్చుకున్నాను, ఎవరూ చూడకుండా దాన్ని తట్టాను కూడా.

మీకు తెలిసినావిడతో చెప్పండి, ఇద్దరిలో ఒకరి కార్డు ఈ దీవుల చిరునామాతో ఉంటే చాలట. ఎన్నేళ్ల పెళ్లయినా సరే. నికా చూసిన సాక్షులు వస్తే మంచిది. పేరు రాయించమంటారా?

విల్దా

* * *

మకస్సార్,
మే మూడో వారం

ఓసి నా పట్టభద్రురాలా,

ఎరుపా? నికా పుస్తకానికి ఎరుపా? ఎవరు చెప్పారే నీకు? సరీ బేసీ లెక్క గుర్తింపు కార్డుకి! నికా పుస్తకానికి ఏ సంవత్సరంలో పుట్టినా, ఆడైనా మగైనా, అందరికీ నీలమే! మా వీధిలో సగం పెళ్లిళ్ల ఫోటోలు ఈ చేత్తోనే ప్రింట్ చేశాను, ఎప్పుడైనా ఎర్రగా తీయడం చూశావా? నువ్వు చదువుకుంటున్నాననుకున్నాను, నిద్రపోతున్నావన్నమాట.

ఆ ఫోటోలు తిరిగొస్తాయి, చూడు. వెంటనే మళ్లీ తియ్యి. నీలం తెర సిరా బాగా తాగుతుంది, ట్యాంకు చూసుకో. గీతలు తెగితే బటన్ నొక్కి శుభ్రం చెయ్యి, రాకపోతే మళ్లీ నొక్కు, వచ్చేదాకా నొక్కు.

ఆ తెలిసినావిడ సంగతి వదిలెయ్. ఆవిడ వద్దంటోంది. ఈ వయసులో ఎందుకట. జరిగినన్నాళ్లు జరిగింది, ఇకముందూ జరుగుతుంది.

ఆంటీ

* * *

కరంగ్‌బాజి దీవి,
మే చివరి వారం

ఆంటీ,

మీ ఉత్తరమూ, తిరిగొచ్చిన ఫోటోలూ ఒకే పడవలో దిగాయి.

తిట్టండి, సిగ్గుపడాల్సినంతా పడ్డాను. ఎర్రతెరల వాళ్లందరినీ మళ్లీ కూర్చోబెట్టాను. మీరన్నట్టే నీలం నీళ్లలా అయిపోయింది. పడవ కోసం ఆగలేక, పక్కదీవి దుకాణంలో ఏదో ఒక నీలం సిరా దొరికితే పోశాను. రెండు ఫోటోలు బాగానే వచ్చాయి. మూడోదాంట్లో తెర మీద చారలు. నొక్కాను. మళ్లీ నొక్కాను. వచ్చేదాకా నొక్కమన్నారుగా, నొక్కాను. ఇప్పుడు రెండు లైట్లు ఒకటి తర్వాత ఒకటి ఆరుతూ వెలుగుతున్నాయి, మెషిన్ ఇంకేమీ చెయ్యనంటోంది. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో చూశాను. శుభ్రం చేసినప్పుడు కారిన సిరా అడుగున ఒక దిండు పీల్చుకుంటుందట. అది నిండిపోయింది. పట్నం తీసుకెళ్లి మార్పించాలట. ఈ ఒక్కదాంట్లో తప్పు మీదీ నాదీ చెరిసగం.

కోర్టు పడవ వచ్చేది జూన్ రెండో వారం. మధ్యలో సరుకుల పడవ ఒక్కటే. ఇంకోసారి కోర్టు ఎప్పుడొస్తుందంటే ఊరిపెద్ద ఆకాశం వైపు చూపించాడు.

నిన్న దాయెంగ్ గస్సింగ్ వచ్చి మెషిన్ ముందు కూర్చున్నాడు. మిర్నా కూడా ఉంది.

"మా ఆవిణ్ణి ఇది మింగేసిందా, టీచరమ్మా?"

"నీలం రావట్లేదు, దాయెంగ్."

"బయటంతా నీలమేగా" అన్నాడు. మిర్నా వైపు తిరిగి చూసి, "సర్లే. గీతే పెట్టించు. పిల్ల బడి ఆగకూడదు" అన్నాడు.

మిర్నా గయ్యిమంది. "గీత పెడితే నేను బడికి వెళ్లను. నీతో ఆక్టోపస్‌లకి వస్తాను."

"వస్తే నీళ్లలోకి తోస్తా."

"తోయి. ఈదుకుంటూ ఇంటికే వస్తా."

ఇద్దరిదీ ఒకే మొండితనం, ఒకే ముక్కు. ఎవరి పిల్లో చెప్పడానికి కోర్టు అక్కర్లేదు. కానీ బడి గుమాస్తాకి మొహం కాదు, కాగితం కావాలి.

కెమెరా కార్డు ఈ కవరులో పెట్టాను. మీరు మీ మెషిన్ మీద తీసి పంపగలరా?

ఇంకొక్క మాట, కోప్పడకండి. మీకు తెలిసినావిడ ఎవరో నాకు తెలుసు. వీధిపెద్ద కుటుంబ కార్డుల కోసం వచ్చినప్పుడల్లా సరిగ్గా అప్పుడే మీ పొయ్యి మీద ఏదో మాడిపోయేది. మీరు లోపలికి పరిగెత్తేవారు. నాకు మాత్రం ఎప్పుడూ మాడువాసన రాలేదు. ఊరిమీద అందరి నికా ఫోటోలూ తీశారు, మీ గోడ మీద మీది మాత్రం లేదు. అంకుల్‌ది పక్క దీవేనని, ఆయన కార్డు ఇంకా ఆ చిరునామాతోనే ఉందని కూడా తెలుసు.

మీరు చెప్పనిదే పేరు రాయించను. సరేనంటే ఫోన్‌కి ఒక్క మాట పంపండి. రోజూ బడి కాగానే జెట్టీ చివర నిలబడతాను. అక్కడ చేపలు పట్టేవాళ్లు నాకెవరో ప్రియుడున్నాడని అప్పుడే అనుకుంటున్నారు.

విల్దా

* * *

మకస్సార్,
జూన్ మొదటి వారం

విల్దా,

"రాయించు" అని పంపాను. అందిందో లేదో. అందకపోతే ఇదుగో మళ్లీ చెబుతున్నాను: రాయించు.

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. ఈసారి నిజంగానే చేప మాడింది. మీ అంకుల్ వచ్చి కారణం అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. చదివి, "ఈ పిల్లని అద్దెకి పెట్టుకున్నామా, పోలీసుని పెట్టుకున్నామా?" అన్నాడు.

మా నికా ఆయన దీవిలో, వాళ్ల మేనమామ ఇంట్లో జరిగింది. ఆయన పడవ మీద పనికెళ్తున్నాడని తొందరగా కానిచ్చేశారు. పుస్తకం తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత మకస్సార్ వచ్చేశాం. ఇక్కడి కోర్టులో అడుగుదామని ఒకసారి గుమ్మం దాకా వెళ్లాం. లోపల గుమాస్తా ఎవరనుకున్నావు? మా వీధివాడే. ముందు నెల వాడి నికా ఫోటోలు నేనే తీసి, "వెన్ను నిటారుగా పెట్టరా, ఇది జన్మకొక్కసారి తీసేది" అని పాఠాలు చెప్పి పంపాను. వాడి ముందు నిలబడి నాకు పుస్తకం లేదని ఎలా చెప్పను? వెనక్కొచ్చేశాం. నాకు ఆయన ఉన్నాడు, ఆయనకి నేనున్నాను, పుస్తకమెందుకని అనుకుంటూ వచ్చాను. కానీ మీ గస్సింగ్ "అందులో నేను లేను" అన్నాడే, ఆ మాట ప్రింటర్ ఆపినా చెవిలో ఆగడం లేదు.

నీ కెమెరా కార్డు చూశాను. అమ్మా, ఏం ఫోటోలే అవి! సగంమందికి కళ్లు మూసుకుపోయాయి. మగవాళ్లకి టోపీల్లేవు. ఒకాయన వెనక కోడి ఉంది. ఇవి ప్రింట్ చేసి పంపితే అవి కూడా తిరిగొస్తాయి. అన్నీ మళ్లీ తీయాలి. అందుకే పంపడం లేదు, నేనే వస్తున్నాను, మెషిన్‌తో. కోర్టు వాళ్ల పడవలోనే చోటు అడిగాను. సారోంగు లుంగీలో చుట్టి ఒళ్లో పెట్టుకుంటాను. మేక వస్తే మీ అంకుల్ ఉన్నాడు. అసలు సిరా మూడు సీసాలు తెస్తున్నాను. నువ్వు నల్ల టోపీ ఒకటి ఎవరి దగ్గరైనా ఎరువు తెచ్చిపెట్టు, అందరికీ అదే తిప్పుదాం. నీ మెషిన్ జోలికి వెళ్లకు. దాని దిండు నేను మార్చుతాను.

మీ అంకుల్ "నెరిసిన జుట్టుతో పెళ్లికొడుకునా?" అని రోజంతా సణిగాడు. సాయంత్రం చూస్తే జుట్టుకి రంగేసుకుంటున్నాడు.

ఆంటీ

* * *

రేవుపట్నం,
జూలై

హాలియా ఆంటీకి, దాయెంగ్ సిలా అంకుల్‌కి,

మీరు వెళ్లాక దీవి బోసిపోయింది. బడి వరండాలో మీ మెషిన్ పెట్టిన బల్ల చుట్టూ పిల్లలు ఇంకా వరసలో నిలబడి "వెన్ను నిటారుగా!" అని ఒకళ్లనొకళ్లు గద్దిస్తున్నారు. టోపీ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. అన్ని తలల మీదకీ ఎక్కి దిగాక అది ఎవరికీ పట్టని ఆకారానికి వచ్చింది.

జడ్జి దాయెంగ్ కెబోని "మీ నికా ఏ సంవత్సరం?" అని అడిగినప్పటి సంగతి మీరు చూడలేదు, తర్వాతది మీ వంతని మీరు వెనక కొబ్బరిచెట్ల దగ్గర అంకుల్ చొక్కా సర్దుతున్నారు. "సంవత్సరం తెలియదు బాబూ, ఈయన అప్పుడు ఇంతకంటే అందంగా ఉండేవాడు" అంది. జడ్జి రాసుకునేవాడి వైపు తిరిగి, "అది రాయకు" అన్నాడు. మీ ఇద్దరి పుస్తకం ఇచ్చినప్పుడు మీరు దాన్ని తెరవకుండానే నా చేతికిచ్చి మెషిన్ సర్దడం మొదలుపెట్టారు. నేను తెరిచి చూశాను, ఆంటీ. నీలం సరిగ్గా పడింది. ఒక్క చార కూడా లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, ఇవాళ్టి సంగతి మీకు వెంటనే చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

పుస్తకం చూపిస్తే ఇక్కడి ఆఫీసువాళ్లు మిర్నా జనన పత్రం మార్చి ఇచ్చారు. ఇవాళ హైస్కూల్లో చేర్చే రోజు. ముగ్గురూ వస్తుంటే నేనూ పడవెక్కాను. దాయెంగ్ గస్సింగ్ కాలిన చొక్కా మానేసి కొత్తది తొడుక్కున్నాడు. దారంతా ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి గుండెకి ఆనించుకునే ఉన్నాడు. "నా పేరెక్కడుందో మళ్లీ చూపించు" అని మిర్నాని అడుగుతూనే ఉన్నాడు. "అక్కడే ఉంది నాన్నా, ఎక్కడికీ పోదు" అని అది.

బడి వరండా నిండా జనం. తల్లులూ తండ్రులూ పిల్లలూ, చెమటా, వేయించిన అరటికాయ వాసన. కిటికీ దగ్గర గుమాస్తా ఒక్కొక్కరి కాగితాలు చూసి పేర్లు పిలుస్తున్నాడు. ఆయన గొంతులో ఉదయం నుంచీ అరిచిన విసుగుంది. మేం వెనక్కి నెట్టుకుపోయి గోడ దగ్గరున్నాం.

"మిర్నా! తండ్రి పేరు గస్సింగ్!"

మిర్నా ఇంకా కదలనేలేదు. నా పక్కనుంచి పడవ మీద నుంచి దూరంగా ఉన్న ఇంకో పడవని పిలిచినంత గొంతు లేచింది.

"ఉన్నాను!"

వరండా అంతా వెనక్కి తిరిగింది. దాయెంగ్ కెబో మొహం ముసుగులో దాచుకుంది. గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి వెతికాడు.

"పిలిచింది మిమ్మల్ని కాదయ్యా, మీ అమ్మాయిని."

"తెలుసండీ" అన్నాడు దాయెంగ్ గస్సింగ్, చెయ్యి ఇంకా పైకెత్తే ఉంచి. "అయినా ఉన్నాను."

మీ విల్దా